వెండిజుట్టు పిల్లకి ఊపిరి

చిట్టితల్లికి,

అమ్మ ఆశీర్వదించి రాస్తున్నది. ఇక్కడ నేనూ మీ నాన్నా క్షేమం. నువ్వూ క్షేమమని నీ ఉత్తరం చూసి నమ్మాను. తర్వాత పైన తారీఖు చూస్తే అది పదకొండు రోజుల కిందటిది. దాంతో నమ్మడం మానేసి మళ్ళీ మొదటికొచ్చాను. ఈ ఉత్తరం అందగానే, చదవకముందే, బాగున్నానని ఒక్క ముక్క రాసి పోస్టులో పడేయి. తర్వాత తీరిగ్గా చదువుకో.

అక్షరాలు కోడి కెలికినట్టున్నాయని నవ్వకు. నాలుగో తరగతితో ఆగిన రాత, మామూలుగానే అంతంతమాత్రం. దానికి తోడు మొన్న స్టూడియోలో జరిగినదానికి ఇంకా తేరుకోలేదు. రెండు రోజులుగా టీ నా గ్లాసులో కంటే కింద సాసర్లోనే ఎక్కువ ఉంటోంది. ఫోనులో చెప్పొచ్చుగా అంటావు. మీ సొరంగం పని క్యాంపులో వారానికోసారి దొరికే ఒక్క ఫోను, నీ వెనక వరసలో ఇరవై మంది. ఇది అలా నిలబడి వినే సంగతి కాదు. నోటితో చెప్పే ధైర్యం నాకూ లేదు.

ముందు నువ్వడిగినవాటికి జవాబులు. మోకాలు అలాగే ఉంది. మెట్లెక్కేటప్పుడు ఎడమది, దిగేటప్పుడు కుడిది. వంటింట్లో కొళాయి మీ నాన్న బాగుచేశారు. ఇప్పుడు కారడం లేదు, నీళ్ళూ రావడం లేదు. నలభై ఏళ్ళు గడియారాలు బాగుచేసిన చెయ్యి కదా, కొళాయి కూడా తిప్పితే నడుస్తుందనుకున్నారు. చెవులు ఇంకాస్త మందగించాయి గానీ, నేను గొణిగినవి మాత్రం అన్నీ వినిపిస్తాయి.

"అమ్మ గాలి పని చేస్తోంది అన్నాడు నాన్న, ఏమిటది?" అని అడిగావు. అదే చెప్పబోతున్నాను. ఇంకొకటి కూడా రాశావు, ఉత్తరం చివర, మడతలో ఇరికించినట్టు. "ఊరికే బెంగపడటానికి నీకు రోజంతా తీరికే. నిజంగా బెంగపడాల్సిన ఒక్క రోజున మాత్రం నేల తుడుచుకోవాల్సి వచ్చింది. పోనీలే అమ్మా" అని. ఆ పోనీలే చదివి ఉత్తరం బోర్లా పెట్టేశాను. మూడు రోజులు మళ్ళీ తియ్యలేదు. దాని దగ్గరికి నన్ను నెమ్మదిగా రానీ.

నేను తుడిచే స్టూడియో నీకు తెలుసు. టైర్ల కొట్టు మీద రెండో అంతస్తు. అందులో అద్దాల గది, గోడలకి గుడ్ల అట్టల్లాంటి నల్ల స్పాంజి, మధ్యలో మైకు, దాని ముందు జల్లెడంత గుండ్రటి బట్ట. మైకు ముందు ఒక స్టూలు. గోడ మీద ఒక పిల్ల పెద్ద బొమ్మ. మోకాళ్ళ దాకా వెండిరంగు జుట్టు, ఇంతింత కళ్ళు, పిడికిట్లో పట్టేంత నడుము. వాళ్ళు చేసే పాటలన్నీ ఆ పిల్లవే. నేను పొద్దున్నే వెళ్ళి పదకొండింటికి వచ్చేస్తాను, పిల్ల ఆ తర్వాత వస్తుంది కాబోలు అనుకునేదాన్ని. రెండేళ్ళపాటు ఆ పిల్ల కూర్చుంటుందని స్టూలు తుడిచాను. గొంతుకి మంచిదని రోజూ ఫ్లాస్కులో వేడినీళ్ళు పోసి, "పాపకి" అని చీటీ అంటించి పెట్టేదాన్ని. మర్నాటికి ఫ్లాస్కు ఖాళీ. పోనీ, నీళ్ళయినా తాగుతోంది అని తృప్తిపడేదాన్ని.

ఐదు నెలల కిందట ఉండబట్టలేక అడిగేశాను. అక్కడ పాటలు రికార్డు చేసే ఆయన ఉన్నాడే, యాభై ఏళ్ళ బట్టతలాయన, తిండి తినేటప్పుడు కూడా హెడ్‌ఫోన్లు తియ్యడు. మీ నాన్న ఆయనకి చెవులాయన అని పేరు పెట్టారు.

"ఏం బాబూ, ఆ పిల్ల మరీ చిక్కిపోయింది. వాళ్ళమ్మ చూసుకోదా?" అన్నాను.

"ఏ పిల్ల పెద్దమ్మా?"

"అదుగో, గోడ మీద పిల్ల."

"ఆ పిల్లకి అమ్మ లేదండీ."

"అయ్యో, పోయిందా?"

"పోలేదు. అసలు లేదు. ఆ పిల్లే లేదు పెద్దమ్మా. కంప్యూటర్లో బొమ్మ. మాటలు టైపు చేసి, బాణీ ఇస్తే మిషనే పాడుతుంది."

లక్షల మంది ఆ పిల్లని చూస్తారట, ఉత్తరాలు రాస్తారట, పుట్టినరోజుకి పువ్వులు పంపిస్తారట. లేని పిల్లకి! చేతిలో గుడ్డ అలాగే పట్టుకుని నిలబడిపోయాను. ఒకటే అడిగాను.

"మరి నా వేడినీళ్ళు?"

ఆయన తల దించుకున్నాడు. "నేనే తాగుతున్నానండీ. ముద్దుగా నన్నే పాప అంటున్నారనుకున్నా."

అది మొదటి దెబ్బ. రెండోది నెల తిరక్కుండానే తగిలింది.

ఆ పిల్ల మొదటి ఆల్బం విన్నవాళ్ళు ఒక మాట అన్నారట. గొంతు బాగుంది గానీ ప్రాణం లేదు, మూడు నిమిషాలు ఊపిరి తీసుకోకుండా పాడేది మనిషా బొమ్మా అని. అందుకని కొత్త ఆల్బంలో ఆ పిల్లకి ఊపిరి పెట్టాలనుకున్నారు. నలుగురు గాయనుల్ని పిలిచి మైకు ముందు కూర్చోబెట్టారు. పాట నేర్చినవాళ్ళు ఊపిరి దాచుకోవడం కూడా నేర్చుకుంటారటే. పిల్లి నడిచినట్టు తీస్తారు, వినపడదు. చెవులాయన విసిగిపోయాడు. ఒకరోజు మైకు కట్టెయ్యడం మరిచిపోయి అలా కూర్చుని ఉంటే, నేను లోపల నేల తుడుస్తున్నాను. నా అలవాటు నీకు తెలుసుగా, ఎడమ చెయ్యి గొంతుగుంట మీద పెట్టుకుని నిట్టూర్చడం. అద్దం అవతల ఆయన ఒక్క ఉదుటున లేచాడు. నేనేదో పగలగొట్టాననుకుని హడలిపోయాను.

"పెద్దమ్మా! ఇప్పుడేం తలుచుకున్నారు?"

"ఏం లేదు బాబూ. మా అమ్మాయి స్వెటరు తీసుకెళ్ళిందో, ఇక్కడే మంచం కింద పెట్టెలో ఉండిపోయిందో అని."

ఆ ఊపిరి తీసి పిల్ల పాటకి అతికించాడు. వినమన్నాడు. విన్నాను. లేని పిల్ల కాస్తా ఉన్నట్టే అయిపోయింది. రెండో చరణం ఎత్తుకునే ముందు అది చిన్నగా ఊపిరి తీసింది చూడు, ఎవరో పక్కన కూర్చున్నట్టే ఉంది. తెర మీద దాని ఒంటిని కదిలించే ఒకమ్మాయి ఉంది, బొమ్మలమ్మాయి. అది పరిగెత్తుకొచ్చి నా భుజాలు ఎలా లేస్తున్నాయో ఫోనులో తీసుకుంది. ఇప్పుడా పిల్ల కూడా ఎడమ చెయ్యి గొంతుగుంట మీద పెట్టుకుంటోంది.

ఆ రోజు నుంచి నా పని మారింది. పొద్దున్నే గంటసేపు ఊపిరి తియ్యాలి. మొదటిరోజు స్టూలు మీద కూర్చోబెట్టి "దేనికైనా బెంగపడండి పెద్దమ్మా" అన్నారు. నా జన్మలో మొదటిసారి, ఒక్క బెంగా రాలేదు! ఎంత వెతికినా మనసు అద్దంలా ఉంది. అందరూ తలలు పట్టుకున్నారు. చివరికి బకెట్టూ గుడ్డా చేతికిచ్చి, మైకు తెరిచి ఉంచి, నా మానాన నన్ను వదిలేశారు. అప్పుడు వచ్చాయి ధారగా. ఏది ఏ బెంగో నన్నడిగి, ఒక్కోదానికి ఒక్కో పేరు పెట్టుకున్నాడు చెవులాయన. గ్యాస్ కట్టేశానా అని ఒకటి. మోకాలు అని ఒకటి. మీ నాన్న దగ్గు. నీ పెళ్ళి (అవి పదహారున్నాయి, కోప్పడకు). వాళ్ళు పని చేసుకుంటూ మాట్లాడుకునేది వింటే మతిపోతుంది.

"మొదటి చరణం ముందు గ్యాస్ కట్టేశానా పెట్టు."

"వద్దు సార్, అది మరీ బరువు. మోకాలు చాలు."

"అయితే పల్లవి ముందు పెళ్ళి ఏడు."

ఇంటికొచ్చి చెబితే మీ నాన్న, "ఇన్నాళ్ళూ ఇంట్లో ఉత్తినే పారబోశావు కదే" అన్నారు. నా ఊపిరంతా వాళ్ళకిచ్చేస్తే ఆయుష్షు తగ్గుతుందేమోనని నాకు కొత్త బెంగ పట్టుకుంది. "తగ్గదులే, నన్ను తిట్టడానికి బోలెడు మిగిలే ఉంది" అన్నారు. అదీ గాలి పని.

ఒక కాగితం మీద సంతకం పెట్టించుకున్నారు. కళ్ళజోడు ఇంట్లో మరిచిపోయి వెళ్ళాను. చెవులాయనే చదివి వినిపించాడు. ఆ గదిలో నేను చేసే ఏ శబ్దమైనా వాళ్ళదే, ఆల్బం వచ్చేదాకా బయటివాళ్ళకి చెప్పకూడదు. నువ్వు బయటిదానివి కాదని నేనే తేల్చుకుని రాస్తున్నాను.

ఆల్బంలో పది పాటలు. అందులో ఒకటి ముందుగా వదిలారు. మీ క్యాంపులో అదే మోగుతోందని రాశావే, అది. "రెండో చరణం ముందు ఆ పిల్ల ఊపిరి తీస్తుంటే ఎందుకో మనిల్లు గుర్తొచ్చిందమ్మా, పిచ్చిదాన్ని కదా" అన్నావు. అది చదివి నేను కుర్చీలో కూలబడ్డాను. మీ నాన్న నీకేదో అయిందనుకుని ఉత్తరం లాక్కున్నారు. పిచ్చిదానివి కాదే తల్లీ. నువ్వు విన్న ఆ ఊపిరి పేరు స్వెటరు.

ఇంక దాచిపెట్టి లాభం లేదు. సొరంగం కూలిన రోజు దగ్గరికొస్తున్నాను.

నీకు నేను చెప్పింది ఏమిటి? నువ్వు ఫోను చేసేదాకా నాకేమీ తెలియదని. నువ్వు "అమ్మా, నేనే" అంటే నేనేమన్నాను? "ఏమే, ఈ వేళప్పుడు చేశావు? నేల తుడుస్తున్నాను, తర్వాత చెయ్యి" అన్నాను. అబద్ధం. నాకు మూడు గంటల ముందే తెలుసు.

పొద్దున ఎనిమిదింటికి అద్దాల గదిలో తుడుస్తున్నాను. మైకు తెరిచే ఉంది. బొమ్మలమ్మాయి ఫోను పట్టుకుని తలుపు దగ్గరికొచ్చి, "పెద్దమ్మా, మీ అమ్మాయి కొలతలు చూసేది ఆ కొండ సొరంగంలోనే కదా? కప్పు కూలిందట, లోపల పదకొండుమంది ఉన్నారట" అంది. పాపం, దానికేం తెలుసు, వార్త చెప్పినట్టే చెప్పేసింది. ఆ తర్వాత నా నోట్లోంచి ఒకటి వచ్చింది. ఏడుపు అనలేను. కేక కూడా కాదు. నువ్వు పుట్టినప్పుడు కూడా నేను అలాంటి చప్పుడు చెయ్యలేదు. తడి నేల మీదే కూర్చుండిపోయాను. చెవులాయన పరిగెత్తాడు, మీ కంపెనీ నంబరు కోసం, ఇంకెవరి నంబరు కోసమో. ఎవరూ ఎత్తడం లేదు. మీ నాన్నకి కబురు పెట్టనివ్వలేదు నేను. వినపడని మనిషికి ఆ మాట ఎంత గట్టిగా అరిచి చెప్పాలి? నా చేత కాదనిపించింది. మూడు గంటలు అలాగే, బకెట్టు పక్కన, ఫోను ఒళ్ళో పెట్టుకుని. ఎన్ని బెంగలుపడ్డానే నా బతుకులో! ఆ మూడు గంటల్లో ఒక్కటీ లేదు. బెంగంటే ఏమవుతుందో అని కదా. ఆ రోజు అలా అనుకోవడానికి కూడా భయం.

తర్వాత ఫోను మోగింది. నువ్వు.

నీ గొంతు వణుకుతోంది. వెనక ఎవరో ఏడుస్తున్నారు, ఎక్కడ తవ్వాలని అడుగుతూ ఎవరో నిన్ను పిలుస్తున్నారు. అంటే నువ్వు బయటే ఉన్నావు, లోపలివాళ్ళని తీస్తున్నారు, ఎక్కడ తవ్వాలో చూడాల్సింది నువ్వు. ఆ క్షణాన నేను భోరుమంటే నీ చేతులు వణికేవి. కొలతలు చూసే చేతులు. అందుకని నేల తుడుస్తున్నానన్నాను. ఎప్పటి అమ్మలాగే, ఎప్పటి పనిలోనే ఉందనుకుంటే నువ్వు నిలబడతావనుకున్నాను. నిలబడ్డావు. పదకొండుమందీ బతికి బయటికొచ్చారు. నా లెక్క తప్పలేదు గానీ, నీ మనసులో అది ములుకై దిగుతుందని ఆలోచించలేదు. అమ్మని మన్నించు.

ఇక మొన్నటి సంగతి.

ఆల్బంలో ఆఖరి పాట ఒకటే మిగిలింది. ఆరునెలల పని, ఇంకో పదిహేను రోజుల్లో బయటికి రావాలి. బాణీలు కట్టే మాస్టారు నన్ను పిలిచి కుర్చీ వేశారు. కుర్చీ వేశారంటేనే అనుమానించాల్సింది నేను.

"పెద్దమ్మా, పాట వినండి. ఎలా ఉందో చెప్పండి" అన్నారు.

తెర మీద ఆ పిల్ల బస్సు స్టాపులో నిలబడి ఉంది. వర్షం. ఒక కుర్రాడి కోసం చూస్తూ పాడుతోంది. ఒక్కో బస్సూ వెళ్ళిపోతోంది, కుర్రాడు రాడు. పాట పైకి పైకి వెళ్ళి ఒక్కసారిగా ఆగింది. పిల్ల నోరు తెరిచింది. ఆ నోట్లోంచి వచ్చింది, చిట్టితల్లీ, నా చప్పుడు. నేల మీద కూలబడ్డప్పటిది.

పిడుగు నెత్తిన పడ్డట్టే అయింది. వెండిజుట్టు, ఇంతింత కళ్ళు, మొహాన చెమట చుక్క లేదు, కన్నీటి చుక్క లేదు, నోట్లోంచి మాత్రం నేను. ఆ రోజు ఎవరూ మైకు కట్టెయ్యలేదన్నమాట. మూడు గంటలూ మిషను తిరుగుతూనే ఉందన్నమాట. నేను కుర్చీ చేతులు పట్టుకున్నాను. బొమ్మలమ్మాయి మొహం చేతుల్లో దాచుకుంది. చెవులాయన, ఆ మనిషి, మొదటిసారి హెడ్‌ఫోన్లు తీసి బల్ల మీద పెట్టాడు.

"ఆ పిల్ల నోరు ముయ్యండి బాబూ" అన్నాను.

"పెద్దమ్మా, బాధగానే ఉంటుంది. కానీ ఇలాంటిది నూరేళ్ళకోసారి దొరుకుతుంది" అన్నారు మాస్టారు.

"దొరకడానికి అదేమైనా దారిలో పడిపోయిన పర్సా?"

"మీరు సంతకం పెట్టారు కదా."

"పెట్టాను. గుడ్డికళ్ళతో పెట్టాను. మీదే, కాదనను. ఒక్కటి చెప్పండి. ఆ పిల్ల దేనికి ఏడుస్తోంది?"

"కుర్రాడు రాలేదని."

"ఎందుకు రాలేదు?"

"బస్సు తప్పిపోయింది."

"బస్సు తప్పితే ఇంకో బస్సొస్తుంది కదయ్యా! దానికింత చప్పుడా? నా కూతురు కొండ కింద ఉందనుకుని చేసిన చప్పుడది. దాన్ని తీసుకెళ్ళి బస్సు స్టాపులో నిలబెడతారా? వినేవాళ్ళలో ఒక్క తల్లి ఉన్నా చాలు, పాట ఆపేసి ఎవరు పోయారని అడుగుతుంది. మీ కుర్రాడికేమో వర్షంలో జలుబు కూడా చెయ్యలేదు!"

నాకు అంత నోరుందని నాకే తెలియదు. ముందు బొమ్మలమ్మాయి నవ్వింది, ఏడుస్తూనే. తర్వాత మాస్టారు నెత్తి గోక్కున్నారు.

"ఆఖర్న కుర్రాడొస్తాడు పెద్దమ్మా. ఆఖరి బస్సులోంచి దిగుతాడు. అక్కడ పాట ఆగిపోతుంది. అక్కడైనా ఏదో ఒకటి కావాలి కదా. నా దగ్గర ఏమీ లేదు" అన్నారు. ఆ మాటలో గీర లేదు, పాపం అలిసిపోయి ఉన్నారు.

అప్పుడు చెవులాయన మెల్లిగా అన్నాడు. "మూడు గంటల తర్వాతది ఉంది సార్."

వినిపించాడు. ఫోను మోగడం. నువ్వు వినపడవు, నేనే వినపడతాను. "ఏమే, ఈ వేళప్పుడు చేశావు? నేల తుడుస్తున్నాను, తర్వాత చెయ్యి." ఎంత మామూలుగా అన్నానే! నాకే నా మీద అసహ్యం వేసింది. ఫోను పెట్టేసిన చప్పుడు. ఆ తర్వాత కాసేపు ఏమీ లేదు. ఆ తర్వాత ఒక ఊపిరి.

అలాంటిది తీశానని నాకు తెలియదు. పొడుగ్గా, ఎక్కడో అడుగునుంచి, మధ్యలో రెండుసార్లు తెగి, మళ్ళీ కలిసి. మూడు గంటలపాటు నేను ఊపిరి బిగబట్టి కూర్చున్నానని అది విన్నాకే తెలిసింది.

నేనే అన్నాను. "ముందుది చెరిపెయ్యండి. నా కళ్ళ ముందు. ఇది తీసుకోండి."

మాస్టారు సరేనన్నట్టు తల ఊపారు. చెవులాయన మూడుసార్లు అడిగాడు, మళ్ళీ రాదు పెద్దమ్మా, నిజంగానా అని. మూడుసార్లూ ఊ అన్నాను. మీట నొక్కాడు. పోయింది. అది నీకోసం వచ్చింది, నీకు కూడా వినిపించకుండానే పంపించేశాను. అలాంటిది నువ్వు వినకూడదు.

రెండోదాన్ని పాట ఆఖర్న అతికించారు. కుర్రాడు బస్సు దిగుతాడు. పిల్ల ఎడమ చెయ్యి గొంతుగుంట మీద పెట్టుకుంటుంది. పాడదు, మాట్లాడదు. ఆ ఒక్క ఊపిరి, అంతే, తెర నల్లబడుతుంది.

ఇంటికొచ్చి మీ నాన్నని ఎదురుగా కూర్చోబెట్టుకుని, ఆ రోజు సంగతి మొత్తం చెవిలో చెప్పాను. ఇన్నాళ్ళూ ఆయనకీ చెప్పలేదు. ఆయన ఒక్క వెక్కిరింత కూడా వెయ్యలేదు. లేచి వెళ్ళి, మంచం కింద పెట్టె లాగి, అందులో వెతకడం మొదలుపెట్టారు. నీ స్వెటరు అక్కడే ఉందే! అడుగున, పాత దుప్పటి కింద. నేను అనుకుంటూనే ఉన్నాను. ఈ ఉత్తరంతోపాటు విడిగా పార్సిల్లో పంపిస్తున్నాను. మోచేతి దగ్గర చిరిగింది, కుట్టాను.

ఆల్బం వచ్చాక మీవాళ్ళు తప్పకుండా పెడతారు. మొదటి తొమ్మిది పాటల్లో నా మోకాళ్ళూ గ్యాసూ మీ నాన్న దగ్గూ ఉంటాయి, విని నవ్వుకో. పదోది మాత్రం నువ్వొక్కదానివే, చప్పుడు లేని చోట కూర్చుని, చివరిదాకా విను. పాట అయిపోయిందని కట్టెయ్యకు. ఆ ఊపిరికి ఏం పేరు పెట్టమంటారని చెవులాయన అడిగాడు. చెప్పాను. ఆయన రాసుకున్నాడు.

దాని పేరు "అమ్మా, నేనే".

ఇట్లు,
ఆ రోజు నేల తుడవని
మీ అమ్మ